శనివారం చదివిన నవల

"ఆమెనైనా పంపించెయ్యండి, నన్నైనా నాన్నతో బొల్లారం పంపించెయ్యండి" అంది మేబెల్. "గుమ్మం ముందు అలా కూర్చుని ఉంటే నాకు ముద్ద దిగడం లేదు."

జ్ఞానశేఖర్ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. వరండా చివర, చెప్పులు విడిచే చోట, లూకా భార్య మార్త మోకాళ్లకు చేతులు చుట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున చర్చి నుంచి వచ్చేసరికే అక్కడ ఉంది. లేచి నిలబడి "వందనాలు సార్" అంది. అతను తల ఊపి లోపలికి వచ్చేశాడు. అంతే. మళ్లీ బయటికి వెళ్లే ధైర్యం రాలేదు.

"వరండాలో కూర్చుంటే మనకేం నష్టం, మేబెల్?"

"వరండా మనదా? మిషన్‌ది. స్కూలు మేనేజరుగారు పొద్దున అంతమంది ముందు ఏమన్నారో విన్నారుగా. లూకా తరఫున రేపు ట్రిబ్యునల్లో నోరు విప్పితే ఉద్యోగమూ ఉండదు, ఈ ఇల్లూ ఉండదు అన్నారు. ఏడో నెల కడుపుతో నేను ఏ చెట్టు కింద కనాలి?"

పడక్కుర్చీలో ఉన్న ఏసురత్నం దగ్గాడు. మేబెల్ తండ్రి. బొల్లారం కంటోన్మెంటులో దొరల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అల్లుడితో ఎంత కోపంలోనూ 'మీరు' తప్ప అనడు.

"అల్లుడుగారూ, నేను చాలామంది దొరల్ని చూశాను. నిజాం పోయాడు, మిలిటరీ సర్కారు వచ్చింది. రేపు ఇంకొకరొస్తారు. బల్లకి అటుపక్క కూర్చునేవాడు మారతాడు గాని, వాడి చూపు మారదు. నిన్నటిదాకా రజాకార్లెవరని వెతికారు. ఇవాళ కమ్యూనిస్టులెవరని వెతుకుతున్నారు. మీరు వెతుక్కుంటూ పోయి వాళ్ల చేతికి దొరుకుతానంటున్నారు."

"నేను కమ్యూనిస్టును కాను, మామయ్యగారూ. నవల చదివాను."

"చదివితే ఎవరూ ఏమీ అనరండి" అంది మేబెల్. "చదివి వినిపించారు. అదీ మిల్లు కూలీలకి."

జ్ఞానశేఖర్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఎమ్మే చదివే రోజుల్లో పట్టుకున్న పిచ్చి అది. గొప్ప నవలలు కూలివాణ్ణి ఎలా చూపించాయి, అన్యాయపు లోకాన్ని ఎలా బొమ్మ కట్టాయి అని ఒక పెద్ద వ్యాసం రాయాలనుకున్నాడు. రాస్తూ రాస్తూ ఒకరోజు, ఈ కథలు కూలివాళ్లకే తెలియకపోతే ఎవరి కోసం రాసినట్టు అనిపించింది. అప్పటి నుంచి శనివారం సాయంత్రాలు రాంగోపాల్‌పేట్‌లో ప్రార్థన గది వెనక వసారాలో కూర్చుని, ఇంగ్లీషు నవలలు చూస్తూ తెలుగులో చెప్పేవాడు. మొదట నలుగురు. తర్వాత కూర్చోవడానికి చోటు చాలనంతమంది. అందరికన్నా ముందు వచ్చి చాప పరిచేవాడు లూకా. బట్టల మిల్లులో సాంచెల దగ్గర నేతపని అతనిది.

కిందటి నెల మిల్లులో పత్తి గోదాం తగలబడింది. కాపలా కాసే భద్రయ్య అందులో కాలిపోయాడు. పనిలోంచి తీసేసిన కూలీలే నిప్పు పెట్టారని పోలీసులు వాళ్లలో ఒకడైన లూకాను పట్టుకుపోయారు. గాజు కార్ఖానా కూలీలు గోదాం తగలబెట్టే నవలను శనివారాల్లో విన్నాడట, అదీ సాక్ష్యం.

"రేపు నేను వెళ్లి చెప్పేది ఒక్కటే మాట" అన్నాడు జ్ఞానశేఖర్. "అది పాఠం. పాఠం విన్నందుకు మనిషిని ఉరి తియ్యకండి అని. అంతకన్నా ఏమీ లేదు."

"ఆ నవల రాసినాయన ఏమయ్యాడు?" అని అడిగింది మేబెల్.

"ఏమవడమేంటి?"

"జైలుకెళ్లాడా?"

"లేదు. పేరొచ్చింది. ముసలివాడై పోయాడు."

"చూశారా మరి! రాసినవాడు మెత్తటి పరుపు మీద పోయాడు. అచ్చువేసినవాడు మేడ కట్టాడు. చదివి మీరు ఎమ్మే అయ్యారు. విన్నవాడు ఒక్కడే లాకప్పులో ఉన్నాడు. అతని పక్కన మీరూ కూర్చుంటే లోకం ఏమన్నా బాగుపడుతుందా?"

ఏసురత్నం కూతురి వైపు మెచ్చుకోలుగా చూశాడు. జ్ఞానశేఖర్ చూడలేదు. మేబెల్ తప్పు మాట్లాడలేదని అతనికి తెలుసు. అందుకే కోపం కూడా రాలేదు.

మధ్యాహ్నం ఎండ వరండాలోకి జరిగింది. మార్త గోడ వైపు జరిగింది గాని లేవలేదు.

కంచాలు పెట్టారు. ఎవరూ సరిగా తినలేదు. ఏసురత్నం చెయ్యి కడుక్కుంటూ, "నోటితో అడగని మనిషిని సాగనంపడం కష్టం" అన్నాడు. "ఏడ్చినా బాగుండు. ఏదో ఒకటి చెప్పి పంపేవాళ్లం."

జ్ఞానశేఖర్ చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి వెళ్లాడు.

మార్త చెంబు అందుకుని ఒక్క గుక్కలో సగం తాగింది. మిగతా సగంతో ముఖం కడుక్కుంది.

"మార్తా, నేను రేపు వస్తానో రానో ఇంకా..." అని ఆగాడు. ఎలా చెప్పాలో తెలియలేదు. "ఇంట్లో పరిస్థితి..."

"సారూ, నేనేం అడగనీకి రాలె" అంది మార్త. "చెప్పనీకొచ్చిన. మీరు పిలుస్తరేమో అని చూస్తున్న."

"ఏం చెప్పడానికి?"

ఆమె లోపలి గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మా ఆయన మీ పేరు చెప్పిండు సార్."

జ్ఞానశేఖర్‌కు వెంటనే అర్థం కాలేదు.

"నిన్న అన్నం వట్టుకపోతె లోపటికి రానిచ్చిండ్రు. ఎన్నడు రానియ్యనోళ్లు రానిచ్చిండ్రేందీ అనుకున్న. చూస్తె కూసున్నడు. లేవనీకి రాదు. అరికాళ్లు పలిగినయ్ సార్. ఓర్సుకున్నంత ఓర్సుకున్నడంట. ఆఖర్కి, మాకు కాలవెట్టుమని సారే చెప్పిండని చెప్పిండంట. వేలిముద్ర ఏసిండు."

"నేను చెప్పానని..."

"సర్కారు సాక్షి చేస్తం, కేసుల్నుంచి తీసేస్తం అన్నరంట. సార్‌కు చెప్పు, కాళ్లు మొక్కి మాఫీ అడుగు అన్నడు." నిజంగానే అతని కాళ్ల వైపు వంగబోయింది. జ్ఞానశేఖర్ వెనక్కి జరిగాడు. "రేపు కచేరికి రావద్దని చెప్పుమన్నడు. వస్తె ఆడ్నే మిమ్మల్ని పట్టుకుంటరంట. మీరు ఎటన్న వోండ్రి సార్. అమ్మను తీస్కోని మీ ఊరికి వోండ్రి."

"నేను వచ్చి అదంతా అబద్ధమని చెబితే?"

మార్త ఖాళీ చెంబు కింద పెట్టింది.

"చెప్తె మల్ల కొడ్తరు. సాక్షి లేదు గీక్షి లేదు, ఉరేస్తం అంటరు." అంది. "గోదాం కాలిన పొద్దు ఆయన ఇంట్లనే ఉండె సార్. జరమొచ్చి పండుకునె. ఏసుప్రభు మీద ఒట్టు. గని నేను పెండ్లాన్నాయె. నా మాట ఎవలింటరు?"

గుమ్మంలో అలికిడైంది. ఏసురత్నం నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లి కోటు తొడుక్కుని, గొడుగు తీసుకుని వచ్చాడు.

"ఎక్కడికి నాన్నా ఈ ఎండలో?" అంది మేబెల్.

"చర్చికమ్మా. కాసేపు ఒంటరిగా ప్రార్థన చేసుకుని వస్తాను."

గేటు చప్పుడైంది.

మేబెల్‌కు అంతా చెప్పాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుని వింది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"రాత్రి బండికి మీ ఊరు బాపట్ల వెళ్లిపోదాం" అంది చివరికి.

"ఇక్కడున్నది మద్రాసు నుంచి వచ్చిన పోలీసులే కదా, మేబెల్. మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న బాపట్లలో పట్టుకోలేరా? పారిపోతే నిప్పు నేనే పెట్టించానని ఒప్పుకున్నట్టు."

"అయితే రేపు వెళ్లి నిజం చెప్పండి. అతను అబద్ధం చెప్పాడని చెప్పండి. ఇప్పుడు నేనే వెళ్లమంటున్నాను."

జ్ఞానశేఖర్ తల ఎత్తలేదు.

"అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు."

మేబెల్ చూపు అతని మీదే నిలిచిపోయింది.

"ఆ శనివారం గోదాం తగలబెట్టే అధ్యాయం చెప్పాను. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. అయిపోయాక లూకా అడిగాడు, 'వాళ్లు కాలవెట్టుడు తప్పా సార్?' అని. తప్పని చెప్పొచ్చు. రచయిత ఉద్దేశం ఇదీ అని పాఠంలా చెప్పొచ్చు. కానీ అందరూ నా ముఖమే చూస్తున్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. 'అక్కడుంటే నేనైనా అదే చేసేవాణ్ణి' అన్నాను."

"అన్నారా?"

"అన్నాను."

వంటింట్లో కాకి ఏదో కింద పడేసింది. ఇద్దరూ లేవలేదు.

"ఎందుకన్నారు?" అంది మేబెల్. "మీరు ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేరు కదండీ."

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి తీసేసుకుని లేచింది.

"ఆమెను లోపలికి రమ్మనండి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు."

మార్త వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంది. మేబెల్ అన్నం, పప్పు వడ్డించింది. మార్త తలవంచుకుని తింది. సగంలో ఆగి, "ఎన్నో నెలమ్మా?" అంది.

"ఏడు."

"పైలం. ఎక్వసేపు నిలవడకు. నాకు సుత ఏడో నెల్ల పోయింది. సాంచెల కాడ నిలవడి నిలవడి."

మేబెల్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఇంకో గరిటె అన్నం వేసింది. మార్త వద్దనలేదు.

ముందు గదిలో జ్ఞానశేఖర్ చొక్కా మార్చుకున్నాడు.

"రేపటిదాకా ఆగను" అన్నాడు మేబెల్ రాగానే. "ఇప్పుడే ఠాణాకు వెళ్తాను. లూకా చెప్పిన మాట నేనన్నానని ఒప్పుకుంటాను. అతని సాక్ష్యం నిలుస్తుంది. బయటపడతాడు. మాట అన్నాను గాని నిప్పు పెట్టలేదు, పెట్టించలేదు అని నా గొడవ నేను తర్వాత చూసుకుంటాను."

"ఎవరు వింటారు?"

"ఎవరూ వినకపోవచ్చు."

"మరి ఈ బిడ్డ?"

అతని వేళ్లు చొక్కా గుండీ మీద ఆగిపోయాయి.

"నన్ను అడగొద్దు" అంది మేబెల్. "అడిగితే వద్దంటాను. పొద్దుటి నుంచి వద్దనే అంటున్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే అంటాను." గోడ వైపు తిరిగింది. "అడక్కుండా వెళ్లండి."

అతను అడగలేదు.

మార్తతో కలిసి గేటు దాటబోతుండగా రిక్షా ఆగింది. ఏసురత్నం దిగాడు. ముఖంలో మళ్లీ కళ వచ్చింది. ఆనందంగానే ఉన్నాడు.

"లోపలికి పదండి అల్లుడుగారూ. గండం గడిచింది. దేవునికి స్తోత్రం."

"ఏం గడిచింది?"

"ఇన్‌స్పెక్టరు మనవాడే. బందరు. దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాడు. లూకా ఇలాంటి తగలబెట్టే మాటలు మాట్లాడుతుంటే, మీరు అతన్ని మందలించి శనివారాలకు రావద్దని పంపించేశారని చెప్పాను. ఆ కక్షతోనే మీ పేరు చెప్పాడన్నాను. రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. రేపు మీరు వచ్చి అవును అంటే చాలు."

జ్ఞానశేఖర్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"అది అబద్ధం మామయ్యగారూ."

"అయితే?"

"లూకాను ఉరికంబం ఎక్కించి వచ్చారు మీరు!"

"నా కూతురి మొగుణ్ణి దింపి వచ్చాను" అన్నాడు ఏసురత్నం. చూపు తిప్పుకోలేదు. "ఇద్దరూ పట్టే పడవ కాదది. నాకు ఎవరు కావాలో వాళ్లని ఎక్కించాను. దేవుడు అడిగితే దేవుడికీ అదే చెబుతాను."

మేబెల్ వరండాలోకి వచ్చింది.

"చర్చికి వెళ్తానన్నారు కదా నాన్నా."

"వెళ్లాను. దారిలోనే ఉంది ఠాణా."

మేబెల్ తండ్రిని చూసింది, మార్తను చూసింది. ముఖంలో ఒక్క క్షణం ఊరట లాంటిది కదిలింది. అది మార్త కంట పడిందేమోనని చప్పున తల దించుకుంది. జ్ఞానశేఖర్ ఆ ఊరటను చూశాడు. ఆమెను తప్పు పట్టలేకపోయాడు.

"పెద్దయ్య ఏమంటుండు సార్?" అంది మార్త. కోస్తా యాసలో గబగబా అన్న మాటలు ఆమెకు సగమే అందాయి. "సంతకం అంటుండు, దేనికి?"

"పద మార్తా" అన్నాడు జ్ఞానశేఖర్. "దారిలో చెబుతాను."

దారంతా నడిచారు. చెప్పలేదు.

ఠాణాకు చేరేసరికి పొద్దు వాలుతోంది. మార్తను మెట్ల దగ్గర ఆపేశారు. జ్ఞానశేఖర్‌ను మాత్రం లోపలికి పంపి, కుర్చీ వేశారు. ఇన్‌స్పెక్టరు నడివయసువాడు, మర్యాదస్తుడు. టీ తెమ్మని కేకేశాడు.

"నేను లొంగిపోవడానికి వచ్చాను" అన్నాడు జ్ఞానశేఖర్. "లూకా చెప్పింది నిజం. ఆ మాట నేనే అన్నాను. మా మామగారు చెప్పింది అబద్ధం."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించాడు.

"మాస్టారూ, మీ మామగారు పెద్దమనిషి. ఆయన్ను అబద్ధాలకోరును చెయ్యకండి."

"నా మాట రాసుకోండి."

"రాసుకుంటే ఏమవుతుందో చెప్పనా? పొద్దున్నే మీ మిషన్ వాళ్లు వస్తారు. బిషప్పుగారు పెద్ద ఆఫీసుకు ఫోను చేస్తారు. చదువుకున్నవాణ్ణి నవల చదివినందుకు లోపలేశారని మద్రాసు పేపర్లో పడుతుంది. ఆ తలనొప్పి నాకెందుకు? గోదాం కాలింది, మనిషి చచ్చాడు. నాకు ఒక ముద్దాయి కావాలి. ఎవరూ ఫోను చెయ్యని ముద్దాయి కావాలి." గొంతు ఇంకా మర్యాదగానే ఉంది. "మీరు ముద్దాయిగా పనికిరారు మాస్టారూ. సాక్షిగా పనికొస్తారు. రేపు రండి. మీ ఇష్టమొచ్చింది చెప్పండి. మీ మామగారి సంతకం ఉంది, మాకు చాలు."

"లూకాను సర్కారు సాక్షిని చేస్తామన్నారు కదా."

"అన్నాం. పెద్దమనుషుల సాక్ష్యం దొరికాక అతనెందుకు? ఈ పూటే జైలుకు పంపిస్తున్నాం. మొదటి ముద్దాయి."

"ఒక్కసారి చూడనివ్వండి."

"రిమాండు ఖైదీని చూడకూడదు. టీ తాగండి."

లోపలి వైపు, మూసిన తలుపు వెనక, ఎవరో దగ్గారు. తర్వాత ఒక గొంతు వచ్చింది. నీరసంగా ఉంది గాని లూకాదే.

"సార్ వచ్చిండా? సార్ గొంతేనా అది?"

జ్ఞానశేఖర్ లేచాడు. జవాను అడ్డం నిలబడ్డాడు. లోపలి నుంచి మళ్లీ మాట రాలేదు. ఆ అడగడంలో ఆశ ఉందో, భయం ఉందో, కోపం ఉందో అతనికి తెలియలేదు. "వచ్చాను లూకా" అనాలనుకున్నాడు. వచ్చి ఏం చేశారని అడిగితే చెప్పడానికేమీ లేదు. బయటికి నడిచాడు.

బయట మెట్ల కింద మార్త లేచి నిలబడింది.

"ఏమన్నడు సారూ?"

దీపాల వేళ. రోడ్డు మీద జట్కాలు పోతున్నాయి. ఆమె ముఖంలోకి చూసి అతను చెప్పాల్సింది చెప్పడానికి నోరు తెరిచాడు.

"రేపు చూద్దామన్నారు" అన్నాడు.

"ఇడుస్తమన్నరా?"

అతను మాట్లాడలేదు. ఆమె ఆ మౌనాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె ముఖం తేటపడింది.

"మీరు పెద్దోళ్లు సార్. మీరు చెప్తె ఇంటరు. నాకెర్కే." కొంగుతో ముఖం తుడుచుకుని మెట్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. "మీరు వోండ్రి, అమ్మ ఒక్కతే ఉన్నది. నేనీడ్నే ఉంట. తెల్లారి ఇడుస్తె ఒక్కడు ఎట్లొస్తడు? పాదాలు నేలకు పెట్టనొస్తలేదు. పట్టుకోని తీస్కపోవాలె."

"మార్తా..."

"జెర చీకటైతే ఏమైతది సార్. ఈడ జవాన్లుంటరు, భయం లేదు."

ఠాణా వెనక వైపు లారీ ఇంజను షురూ అయింది. ఇనప తలుపు పడిన చప్పుడు వినిపించింది. లారీ వెనక సందులోంచి మలుపు తిరిగి, జైలు దారి పట్టి వెళ్లిపోయింది.

మార్త అటు చూడలేదు. ఆమె చూపు ముందు తలుపు మీదే ఉంది.